ఊడిన జాయింటు పారేయకండి
లాన్ స్ప్రింక్లర్ల కాంట్రాక్టర్ల బీమా క్లెయిములు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా రిసార్టులు, అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్ల ముందు లాన్లకు పైపులు పరిచి స్ప్రింక్లర్లు బిగించే చిన్న కాంట్రాక్టర్లు ఈసారి బీమా గురించి రాశారు. ఉత్తరాలన్నింటిలోనూ ‘ఎంత నష్టపోయామో’ వివరంగా ఉంది. ‘ఎలా జరిగిందో’ మాత్రం ఒకటి రెండు మాటల్లోనే తేల్చేశారు. బీమా కంపెనీ ముందు చూసేది ఆ రెండోదాన్నే. అందుకే జవాబుల్లో దాని మీద ఎక్కువ రాశాం.

ప్రశ్న: మైపాడు దగ్గర ఒక రిసార్టులో 12 లక్షలకు లాన్ స్ప్రింక్లర్ల పని ఒప్పుకున్నాం. కాలువలు తీసి 63 ఎంఎం పీవీసీ మెయిన్ లైను పరిచాం, మట్టి ఇంకా కప్పలేదు. తుపాను వానకు కాలువలు నిండాయి, పైపులు తేలి జాయింట్లు ఊడిపోయాయి. టైమర్ పెట్టెలోకి నీళ్లు పోయాయి. కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ (పని జరుగుతుండగా సైటులో వచ్చే నష్టాలకు బీమా) ఉంది. వెంటనే పని మొదలుపెట్టమని రిసార్టు వాళ్లు తొందర పెడుతున్నారు. సర్వేయర్ (నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే మనిషి) వచ్చేదాకా ఆగాలా?
– కాంట్రాక్టర్, కోవూరు

జవాబు: ముందు కంపెనీకి తెలియజేయండి. కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకుని, అదే రోజు ఆ నంబరుతో ఈమెయిల్ పెట్టండి. ఈ రకం పాలసీల్లో రాతపూర్వకంగా తెలియజేయడానికి 14 రోజుల గడువు ఉండటం మామూలే. అయినా 14వ రోజు దాకా ఆగిన క్లెయిమ్‌ను ఎవరైనా అనుమానంగానే చూస్తారు. ఏజెంటుకు చెప్పేశాం అనుకుంటే కుదరదు. ఏజెంటుకు వేసిన ఫోను కంపెనీ రికార్డులో ఉండదు.

ఆ ఈమెయిల్‌లో కారణం తేల్చే పని పెట్టుకోకండి, కంటికి కనపడింది రాయండి. ‘వరదకు పైపులు కొట్టుకుపోయాయి’ అని రాస్తే అది వరద క్లెయిమ్ అవుతుంది. తుపాను, వరద లాంటి ప్రకృతి విపత్తులకు ఈ పాలసీల్లో ఎక్సెస్, అంటే మీరు భరించాల్సిన మొదటి భాగం, మామూలు నష్టాలకంటే ఎక్కువ ఉంటుంది. ‘ఫలానా తేదీ రాత్రి కురిసిన వానకు కాలువలో నీళ్లు నిలిచాయి, తెల్లారి 6 గంటలకు చూస్తే ఇన్ని మీటర్ల పైపు పైకి లేచి ఉంది, ఇన్ని జాయింట్లు ఊడి ఉన్నాయి’ అని రాస్తే చాలు.

ఇక పని సంగతి. నష్టం పెరగకుండా చూడటం పాలసీ ప్రకారం మీ బాధ్యతే కాబట్టి నీళ్లు తోడటం, మిగిలిన పైపుల మీద మట్టి వేయడం ఆపొద్దు. విరిగినవాటిని మార్చేముందు మాత్రం మూడు పనులు చేయండి. ఒకటి, కాలువ పొడవునా టేపు పరిచి, అంకెలు కనపడేలా ఫోటోలు, ఒక వీడియో తీయండి. ఫోన్‌లో లొకేషన్, తేదీ ఆన్‌లో ఉండాలి. రెండు, ఊడిన జాయింట్లలో కనీసం పదింటిని రెండు పక్కలా అడుగు పైపుతో కోసి, ఎక్కడివో మార్కర్‌తో రాసి గోనెసంచిలో దాచండి. తడిసిన టైమర్‌ను, సొలెనాయిడ్ వాల్వులను (కరెంటుతో తెరుచుకుని మూసుకునేవి) విప్పకుండా అలాగే ఉంచండి. మూడు, ‘రేపు ఉదయం 9 గంటలకు మరమ్మతు మొదలుపెడుతున్నాం, సర్వేయర్‌ను ఆలోపు పంపండి’ అని కంపెనీకి మరో ఈమెయిల్ పెట్టండి. క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలని, 15 రోజుల్లో ఆయన నివేదిక రావాలని, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో ఉంది. ఆ మాట ఈమెయిల్‌లో మర్యాదగా గుర్తుచేయడంలో తప్పులేదు.

మీ క్లెయిమ్‌కు అసలు గండం ఇంకోచోట ఉంది. మట్టి కప్పని కాలువ గురించి పాలసీ షరతుల్లో ఏముందో ఇప్పుడే చూడండి. పైపుల పనికి ఇచ్చే పాలసీల్లో ‘ఒకేసారి ఇన్ని మీటర్లకు మించి కాలువ తెరిచి ఉంచరాదు, పరిచిన పైపును వెంటనే మట్టితో కప్పాలి’ అనే షరతు చేరుస్తుంటారు. ఆ షరతుకు కారణం ఉంది. ఖాళీ 63 ఎంఎం పైపు నీట మునిగితే మీటరుకు 3 కిలోలకు పైగా నీటిని తోసేస్తుంది. పైపు బరువేమో మీటరుకు కిలోకు అటూ ఇటూ. కాబట్టి మీటరుకు రెండు కిలోల బలంతో పైకి లేస్తుంది. ఆ వంపుకు పచ్చి జాయింటు నిలవదు. షరతులో 200 మీటర్లని ఉండి మీరు 350 తెరిచి ఉంచితే ఆ అదనపు 150 మీటర్ల దగ్గర పేచీ వస్తుంది. జాయింట్ల మధ్య పైపు మీద మట్టి పోసి, జాయింట్లను మాత్రం టెస్టు కోసం తెరిచి ఉంచామని చూపగలిగితే మీ పక్షం బలంగా ఉంటుంది. ఇకముందైనా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన తీరానికి వానలు ముంచుకొచ్చే నెలల్లో, ఏ రోజు పరిచిన పైపు మీద ఆ రోజే జానెడు మట్టి పడేలా చూసుకోండి.

వాన పడిందని నిరూపించడానికి పేపర్ కటింగ్ సరిపోదు. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు దగ్గర జాతీయ రహదారినీ రైలు పట్టాలనూ కోసేసిన మాట అందరికీ తెలుసు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన జిల్లా పొలాలను ముంచిందీ తెలుసు. కానీ సర్వేయర్ అడిగేది మీ సైటున్న మండలంలో ఆ 24 గంటల్లో ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందని. మండల వర్షపాతం లెక్క తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. నష్టం 2,40,000 అనుకుందాం. పని విలువ 12 లక్షలే అయినా, రిసార్టు వాళ్లే కొనిచ్చిన మోటార్లు, ఫిల్టర్లు 6 లక్షలవైతే, బీమాకు చూపాల్సిన విలువ 18 లక్షలు. మీరు 12 లక్షలకే పాలసీ తీసుకుంటే నష్టంలో 18కి 12 వంతులే, అంటే 1,60,000 లెక్కకు వస్తుంది. విపత్తు ఎక్సెస్ ‘క్లెయిమ్‌లో 5 శాతం లేదా 50,000, ఏది ఎక్కువైతే అది’ అని ఉంటే చేతికొచ్చేది 1,10,000. పార్టీ ఇచ్చిన సామాను మనది కాదు కదా అని వదిలేసేవాళ్లే ఎక్కువ. దెబ్బ తగిలేది అక్కడే.

కాగితాల్లో కొలతల పుస్తకం, రన్నింగ్ బిల్లులు, పైపుల కొనుగోలు ఇన్వాయిస్‌లు, కూలీల హాజరు పట్టిక, మరమ్మతు అంచనా ఉండాలి. జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకోవడం) తీసుకున్న సామాను పాడైతే ఆ క్రెడిట్‌ను జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ ప్రకారం వెనక్కి ఇవ్వాలి. సర్వేయర్ పన్ను భాగాన్ని కోసేస్తే, క్రెడిట్ వెనక్కి ఇచ్చిన రిటర్న్ చూపించి ఆ భాగాన్ని అడగండి. పాలసీ మొత్తంలో జీఎస్టీ కలిపి ఉంటేనే ఈ వాదన నిలుస్తుంది.

ప్రశ్న: నెల్లూరులో ఒక ఇంటి లాన్‌కు పాపప్ స్ప్రింక్లర్లు పెట్టి నాలుగు నెలలైంది. రాత్రి టైమర్ ఆన్ అయినప్పుడు గోడ పక్కన జాయింటు ఊడి, నీళ్లు హాల్లోకి వచ్చి చెక్క ఫ్లోరింగ్, సోఫాలు పాడయ్యాయి. ఇంటాయన 4 లక్షలు అడుగుతున్నారు, మా చివరి బిల్లు 85,000 ఆపేశారు. పబ్లిక్ లయబిలిటీ పాలసీ (మన వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి బీమా) పనికొస్తుందా?
– కాంట్రాక్టర్, నెల్లూరు

జవాబు: పనికొస్తుంది, మీరు నోరు జాగ్రత్తగా వాడితే. ‘తప్పు మాదే సార్, సర్దుకుందాం’ అని వాట్సాప్‌లో ఒక్క మాట పెట్టినా కంపెనీ తప్పుకోవడానికి అది చాలు. కంపెనీ ఒప్పుకోకుండా బాధ్యత అంగీకరించరాదు, డబ్బు ఇవ్వరాదు అని ఈ పాలసీల్లో షరతు ఉంటుంది. మనిషిగా బాధ వ్యక్తం చేయొచ్చు, నీళ్లు తుడిపించొచ్చు, ఫ్యాన్లు పెట్టించొచ్చు. బాధ్యత మాట ఎత్తొద్దు. ఆయన రాతపూర్వకంగా అడిగిన ప్రతిదీ అదే రోజు కంపెనీకి పంపండి. లాయర్ నోటీసు వస్తే మీరే జవాబు రాయొద్దు.

మన దగ్గర ఈ పాలసీలు ‘క్లెయిమ్ ఎప్పుడు వచ్చిందో ఆ ఏడాది పాలసీ’ అనే పద్ధతిలో ఉంటాయి. పని చేసినప్పుడు పాలసీ ఉండి, ఇప్పుడు రెన్యువల్ చేయకపోతే డబ్బు రాదు. పాలసీ మీద రెట్రోయాక్టివ్ తేదీ, అంటే వెనక్కి ఎప్పటి నుంచి వర్తిస్తుందో చెప్పే తేదీ, అని ఒకటి ఉంటుంది. జాయింటు ఊడిన తేదీ దాని తరువాతిదై ఉండాలి. పని లేని నెలల్లో పాలసీ వదిలేసి, పని దొరికినప్పుడు కొత్తది తీసుకునే అలవాటు దీనికి అస్సలు పనికిరాదు. ‘పూర్తయిన పనుల’ వల్ల వచ్చే నష్టం కవర్ అవుతుందో లేదో కూడా చూడండి. కొన్నిటిలో దానికి విడిగా ప్రీమియం కట్టాలి.

కంపెనీ ఇచ్చేది ఫ్లోరింగ్‌కు, సోఫాలకు. మీ జాయింటు మళ్లీ వేసే ఖర్చు ఇవ్వదు, అది మీ పని లోపం కింద పోతుంది. మీకు ఆగిన 85,000 కూడా బీమాకు సంబంధించింది కాదు. దాన్ని ఇందులో కలిపి బేరం పెడితే బాధ్యత ఒప్పుకున్నట్టే లెక్క.

ఊడిన జాయింటును కోసి దాచారా? అదే మీ సాక్షి. పైపు కొన నున్నగా, సాల్వెంట్ మరక సగం దాకానే ఉంటే లోపలికి పూర్తిగా దింపలేదని అర్థం. మరక పూర్తిగా ఉండి జిగురు సాగినట్టుంటే, ఆరకముందే నీళ్లు వదిలారని. పెద్ద పైపుల జాయింట్లకు 24 గంటలైనా ఆరే సమయం ఇవ్వాలి. పైపు పొడవునా చీలితే ఒత్తిడి లేదా నీటి దెబ్బ. సొలెనాయిడ్ వాల్వు టక్కున మూసుకున్నప్పుడు పైపులో నీటి వేగం సెకనుకు 1.5 మీటరు దాటి ఉంటే ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇక పదునైన అంచుతో పడిన నెర్ర ఉంటే, తరువాత ఎవరో తోటలో గునపం వేశారని. ఈ నాలుగింటికీ బాధ్యులు వేరు. చివరిదైతే మీ తప్పే లేదు. జాయింటును చెత్తలో పారేస్తే నాలుగూ మీ మెడకే చుట్టుకుంటాయి.

అప్పగించిన రోజు వాడుక ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడితో టెస్టు చేసి, గేజి ఫోటోతో ఇంటాయన సంతకం తీసుకుని ఉంటే ఇప్పుడు పెట్టండి. లేకపోతే వచ్చే పని నుంచి ఆ ఒక్క కాగితం లేకుండా తాళంచెవి ఇవ్వకండి. ఇంకో మాట: ఇంటాయనకు సొంత గృహ బీమా ఉంటే ఆయన కంపెనీ ఆయనకు చెల్లించి, తరువాత మీ మీదికి రావచ్చు. ఆ నోటీసు వచ్చినా మీ కంపెనీకే పంపాలి.

ప్రశ్న: కాలువ తీసే మిషన్‌లో పడి మా కూలీకి, 30 ఏళ్లు, కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. రోజుకు 600 ఇస్తాం. ఉద్యోగుల నష్టపరిహార పాలసీ ఉంది కానీ అతను ఆ వారమే పనిలోకి వచ్చాడు, పేరు ఎక్కడా రాయలేదు. మా దగ్గర ఆరుగురే పనివాళ్లు.
– మేస్త్రీ, ఒంగోలు

జవాబు: మొదట అతని వైద్యం చూడండి. ఈ పాలసీ మామూలుగా పేర్ల మీద కాదు, పనివాళ్ల సంఖ్య, మొత్తం జీతం మీద ఇస్తారు కాబట్టి పేరు రాయలేదన్న ఒక్క కారణంతో క్లెయిమ్ పోదు. కానీ ఆరుగురుంటే పాలసీలో ముగ్గురినే చూపి ఉంటే, ఇతను ఆ ముగ్గురిలో లేడని కంపెనీ అంటుంది. హాజరు పుస్తకం, ఫోన్‌పేలో ఇచ్చిన కూలి, తోటి కూలీల వాంగ్మూలం, ఆసుపత్రి మొదటి చీటీ సిద్ధం చేయండి. ఆ మొదటి చీటీలో ‘పని స్థలంలో మిషన్ వల్ల’ అని రాయించడం చాలా ముఖ్యం. ‘కింద పడ్డాడు’ అని రాస్తే తరువాత దిద్దడం కష్టం. పాత తేదీలు వేసి హాజరు పుస్తకం కొత్తగా రాయడం మాత్రం చేయొద్దు. అది మోసం, దానితో న్యాయమైన క్లెయిమ్ కూడా పోతుంది.

లెక్క: 600 చొప్పున 26 రోజులకు 15,600. చట్టం లెక్కకు తీసుకునే నెల జీతం పరిమితి 2020 జనవరి నుంచి 15,000. అందులో 60 శాతం 9,000. ముప్పై ఏళ్ల వయసుకు చట్టంలో ఉన్న గుణకం 207.98. రెండూ గుణిస్తే 18,71,820. ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తి నష్టం ఆ చట్టం షెడ్యూలు ప్రకారం 20 శాతం. వచ్చేది 3,74,364. కోలుకునే కాలానికి పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం కూడా ఇవ్వాలి. ఆసుపత్రి ఖర్చు చట్టం ప్రకారం యజమానిదే. పాలసీ దాన్ని భరించాలంటే వైద్య ఖర్చుల ఎక్స్‌టెన్షన్ ఉండాలి, చాలామంది వంద రూపాయల మిగులు కోసం దాన్ని వదిలేస్తారు.

నెల లోపు పరిహారం జమ కాకపోతే 12 శాతం వడ్డీ, దానిపైన జరిమానా పడొచ్చు. జరిమానా భాగం బీమా కంపెనీ కట్టదు, మీ జేబు నుంచే పోతుంది. కంపెనీ తేల్చేదాకా చూద్దాం అని కూర్చోకండి. పనివాళ్లు పదిమందికి చేరితే ఈఎస్ఐ సంగతి చూసుకోవాలి. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ఈ పరిహారం వర్తించదు.

ప్రశ్న: సైటు పక్కన ఆరుబయట పెట్టిన పైపు చుట్టలు 14, ఇత్తడి వాల్వులు 22 పోయాయి. బర్గ్‌లరీ (చొరబడి చేసే దొంగతనం) పాలసీ ఉంది. ‘తాళం పగలలేదు, ఇవ్వం’ అంటున్నారు.
– కావలి పాఠకుడు

జవాబు: ఈ విషయంలో కంపెనీ మాట నిలుస్తుంది. బర్గ్‌లరీ పాలసీలో బలప్రయోగంతో లోపలికి వచ్చినట్టు ఉండాలన్న షరతును 2004లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆరుబయట సామానుకు తాళం ఎక్కడిది? కానీ ఆ సైటుకు ఆల్ రిస్క్ పాలసీ కూడా ఉంటే దానిలో చూడండి, దొంగతనం సాధారణంగా దాని పరిధిలో ఉంటుంది. ‘స్టాకు లెక్క చూసుకుంటే తగ్గింది’ అన్న నష్టం మాత్రం అందులోనూ రాదు. కాబట్టి ఫలానా రాత్రి పోయిందని చూపాలి: ముందురోజు సాయంత్రం ఫోటో, మరునాడే ఎఫ్‌ఐఆర్, సామాను వచ్చిన చలానా. దొంగ దొరక్కపోతే పోలీసుల ముగింపు నివేదిక అడిగి తీసుకోండి. ఇత్తడి సామాను మాత్రం ఏ రోజుకారోజు తాళం గదిలోకి పోవాలి.

ప్రశ్న: పిడుగుకు టైమర్, మోటారు స్టార్టర్ కాలిపోయాయి. అగ్ని బీమాలో పిడుగు ఉందిగా, ఎందుకివ్వరు?
– చీమకుర్తి పాఠకుడు

జవాబు: పిడుగుకు గోడ పగిలినా, మంట లేచి గోడౌన్ కాలినా ఇస్తారు. కరెంటు పరికరం లోపల ఎక్కువ వోల్టేజీతోనో షార్టు సర్క్యూట్‌తోనో తనంతట తాను కాలిపోతే, దానికి కారణం పిడుగే అయినా, ఆ పరికరానికి మినహాయింపు ఉంది. అక్కడి నుంచి మంట పక్క సామానుకు అంటుకుంటే ఆ పక్క సామానుకు వస్తుంది. టైమర్లకు ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ, మోటార్లకు మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ వేరుగా తీసుకోవాలి. ఒక సర్జ్ అరెస్టర్ (ఎక్కువ వోల్టేజీని అడ్డుకునే పరికరం), సరైన ఎర్తింగ్ ఈ ప్రీమియం కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు.

ప్రశ్న: టాటా ఏస్‌లో పైపులు తీసుకెళ్తుంటే ప్రమాదం జరిగింది. డ్రైవర్‌కు కారు లైసెన్సే ఉంది. క్లెయిమ్ పోయినట్టేనా?
– కందుకూరు పాఠకుడు

జవాబు: ఆ కారణంతో పోదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. వెనుక పైపుల మీద కూలీలు కూర్చున్నారా అన్నదే మీకు అసలు ఇబ్బంది. మీ సామానుతో వెళ్తున్న మీ పనివాళ్లైతే వాదించవచ్చు, దారిలో ఎక్కించుకున్నవాళ్లైతే కవర్ ఉండదు.

ప్రశ్న: 3,10,000 క్లెయిమ్‌కు సర్వేయర్ 1,38,000 రాశారు. ‘పూర్తి పరిష్కారంగా స్వీకరించాను’ అన్న వోచర్ మీద సంతకం పెడితేనే డబ్బు వేస్తామంటున్నారు. డబ్బు అవసరం, పెట్టేయనా?
– ప్రొప్రైటర్, ఒంగోలు

జవాబు: ముందు సర్వే నివేదిక కాపీ అడగండి. 1,72,000 ఎక్కడ కోశారో లైను లైనుగా చూస్తే తప్ప పోట్లాట ఎక్కడో తెలియదు. అరుగుదల కింద కోశారా, తక్కువ విలువకు బీమా చేశారని కోశారా, ఎక్సెస్‌లో పోయిందా, బిల్లు లేదని వదిలేశారా? బిల్లు లేదన్నది ఒక్కటే ఇప్పుడు సరిచేయగలిగేది, సరఫరాదారు నుంచి డూప్లికేట్ ఇన్వాయిస్ తెచ్చి ఇవ్వండి. ఎక్సెస్, తక్కువ బీమా కోతలు లెక్క సరైనవైతే వాటి మీద సమయం వృథా చేయకండి.

వోచర్ మీద సంతకం పెట్టేముందు ‘నివేదికలో ఫలానా ఫలానా కోతలకు నేను ఒప్పుకోవడం లేదు, వివాదం లేని మొత్తాన్ని మాత్రమే తీసుకుంటున్నాను’ అని కంపెనీకి ఈమెయిల్ పంపి దాచుకోండి. వోచర్ మీద సంతకం ఉన్నంత మాత్రాన మిగతా దాని కోసం వేరే వేదికకు వెళ్లే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015లోనే కంపెనీలకు చెప్పింది. ఇష్టపూర్వకంగా పెట్టిన సంతకం అని రేపు కంపెనీ అనకుండా ఆ ఈమెయిల్ అడ్డుపడుతుంది.

తరువాత కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయొచ్చు, ఫోన్ 155255. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) వెళ్లొచ్చు, ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం కిందికే వస్తుంది. మీరు భాగస్వాములు లేని ఏకైక యజమాని కాబట్టి మీకు ఆ దారి ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. 50 లక్షల దాకా వివాదాలు వింటారు, కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాది లోపు వెళ్లాలి. అదే విషయం మీద ముందుగా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ వినరు, కాబట్టి ఖర్చు లేని దారి ముందు చూడండి. వినియోగదారుల కమిషన్ ఒంగోలులో ఉంది, గడువు రెండేళ్లు.

ఫిర్యాదుకు జత చేయాల్సినవి: పాలసీ షెడ్యూలుతో పాటు షరతుల పుస్తకం మొత్తం, క్లెయిమ్ చెప్పిన మొదటి ఈమెయిల్, సర్వే నివేదిక, మీరు ఒప్పుకోని ప్రతి కోత పక్కన దానికి సంబంధించిన బిల్లు నంబరు రాసిన ఒక పేజీ పట్టిక. మీ బాధ ఎంతైనా వివరంగా రాయొచ్చు కానీ వినేవాళ్లు ముందు తెరిచేది ఆ పట్టికనే.